ఇంట్లో పిల్లలతో కలిసి వీడియో పాఠాల్లో స్పానిష్: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, పాలమూరు వైపు తల్లిదండ్రులు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలివి. స్కూల్లో స్పానిష్ లేదు, ఊళ్లో ట్యూషన్ చెప్పేవాళ్లు లేరు, ఫోన్లో మాత్రం వీడియోలు కుప్పలు తెప్పలు. అలాంటి ఇళ్ల కోసమే ఈ జవాబులు. స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాశాను. అసలు పలుకు వీడియోలో వినాల్సిందే.

ఇక్కడ ఉండి స్పానిష్ ఎందుకండీ? ఫ్రెంచో జర్మనో నేర్పితే పోదా?

ఫ్రెంచ్ మీద మనసుంటే ఫ్రెంచే నేర్పండి, గొడవే లేదు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, ఐక్యరాజ్యసమితి వాడే 6 అధికార భాషల్లో ఒకటి. అమెరికా స్కూళ్లలో పిల్లలు ఎక్కువగా తీసుకునే విదేశీ భాష కూడా అదే. మన వైపు చాలా ఇళ్లకు డాలస్‌లోనో హూస్టన్‌లోనో ఒక బాబాయో మేనత్తో ఉండనే ఉంటారు. అక్కడి పిల్లలతో వీడియో కాల్‌లో నాలుగు ముక్కలు మాట్లాడే వీలు దొరుకుతుంది.

దీంతో ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి. నా వరకు అసలు కారణం వేరే. స్పానిష్ తెలుగు నోటికి బాగా కుదిరే భాష. దాని సంగతి కింద వివరంగా చెప్తాను.

ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క రాదు. మేమేం నేర్పగలం?

మీరు నేర్పక్కర్లేదు, పక్కన కూర్చుని నేర్చుకోండి చాలు. పిల్లలకు ఫోన్ ఇచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోతే అది పాఠం కాదు, కార్టూన్. మీరు కూడా 'కె ఎస్ ఎస్తో?' అంటే 'ఇదేంది?' అని తడబడుతూ పలుకుతుంటే పిల్లలకు భలే హుషారు. అమ్మను సరిదిద్దే చాన్స్ ఏ పిల్లలు వదులుకుంటారు?

ఒక్క నియమం: మీరు పిల్లల కన్నా ఒక పాఠం ముందుండాలి. రాత్రి వాళ్లు పడుకున్నాక రేపటి వీడియో ఒకసారి చూసి పెట్టుకోండి. ఎక్కడ ఆపాలో, ఏది వదిలేయాలో తెలుస్తుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? చంకలో పిల్లకు కూడా చూపించొచ్చా?

వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తంలో గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పైగా చూపించినా లాభం ఉండదు. అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 9 నెలల పిల్లలకు చైనా భాష వినిపించి చూసింది. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు కొత్త శబ్దాల తేడా పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో వచ్చినప్పుడు పట్టుకోలేదు.

పెద్ద పిల్లలు వీడియో నుంచి నేర్చుకుంటారు, సందేహం లేదు. కానీ వాళ్ల విషయంలోనూ పక్కన మనిషి ఉంటేనే అది నోటికి ఎక్కుతుంది. ఆరేడేళ్లు, తెలుగు చదవడం కాస్త వచ్చాక మొదలుపెడితే హాయి. పదకొండు, పన్నెండేళ్లకు మొదలైనా ఆలస్యమేం కాదు. వాళ్లకు వ్యాకరణం చెప్తే అర్థమవుతుంది, చిన్నవాళ్లకు కాదు.

ఇప్పటికే తెలుగు, హిందీ, ఇంగ్లీషు. నాలుగోది పెడితే గందరగోళం కాదా?

కాదు. పాలమూరు బజారులో ఒకే పిల్లవాడు ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ తిరుగుతున్నాడు కదా. తెలుగు చదవడం, రాయడం మాత్రం దెబ్బ తిననివ్వకండి. స్కూల్లో ఏదో సబ్జెక్టులో వెనకపడి టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఇది ఇంకో బరువు చేయొద్దు. అలాంటప్పుడు వాయిదా వేయండి.

వీడియోలన్నీ ఇంగ్లీషువాళ్ల కోసం చేసినట్టున్నాయి. మా పిల్లల ఇంగ్లీషే అంతంతమాత్రం. ఎలా?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి తీరిగ్గా చెప్తాను. ఆ వీడియోల్లో టీచర్ ఎక్కువ టైం పెట్టేది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు కొరుకుడు పడని విషయాల మీద. వాటిలో చాలామటుకు మనకు పుట్టుకతో వచ్చినవే. స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగు పక్కన పెట్టి చూడండి, పని సులువవుతుంది. ఆ పని వీడియో చేయదు. పక్కన కూర్చున్న మీరే చేయాలి.

ముందు పలుకు చూద్దాం. స్పానిష్‌లో అచ్చులు ఐదే, మన ఆ, ఎ, ఇ, ఒ, ఉ లాంటివే. ఏ మాటలో వచ్చినా పలుకు మారదు. త, ద అంటే మన త, ద లే, నాలుక పళ్లను తాకుతుంది. ఇంగ్లీషువాళ్లు ట, డ అనేసి నవ్వులపాలవుతారు. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. ఈ తేడా కోసం టీచర్ చాలాసేపు నాలుక ఆడించమంటాడు. గొర్రె, బర్రె, గుర్రం అంటూ పెరిగిన పిల్లలకు ఆ కసరత్తు దేనికి? ముందుకు జరిపేయండి. 'జె' అక్షరం మాత్రం గొంతులోంచి గరగరలాడుతూ వస్తుంది. ఉర్దూవాళ్లు 'ఖాన్', 'ఖబర్' అన్నప్పుడు వినిపించేది దాదాపు అదే. పక్కింట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే మీవాళ్లకు వాళ్లే గురువులు. ఈ పేజీలో దాన్ని 'హ'గా రాస్తున్నాను.

ఇక వాక్యం. తెలుగులో 'తింటాను, తింటావు, తింటాడు' అన్నామంటే నేను, నువ్వు, వాడు అని విడిగా చెప్పక్కర్లేదు. క్రియ తోకే చెప్తుంది. స్పానిష్‌లో 'కోమో, కోమెస్, కోమె' కూడా అంతే. చిన్నవాళ్లతో, స్నేహితులతో 'తూ', పెద్దవాళ్లతో 'ఉస్తేద్' అంటారు. మన నువ్వు, మీరు ఉండనే ఉన్నాయి.

'నాకు మామిడిపండ్లు ఇష్టం' అనడానికి స్పానిష్‌లో 'మె గుస్తాన్ లోస్ మాంగోస్'. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ తలకిందులవుతారు, ఎందుకంటే వాళ్లకు 'నేను' ముందు రావాలి. 'నాకు' అనడం అలవాటైన మనకు అందులో వింతేమీ లేదు. 'నాకు తల నొస్తుంది' అన్నా అదే వరుస: 'మె దువెలె లా కబేసా'.

అందరినీ భయపెట్టేది 'సేర్', 'ఎస్తార్' అనే రెండు క్రియలు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి వీడియోల్లో దీని మీద పెద్ద పురాణమే ఉంటుంది. తెలుగులో చూడండి. 'ఆయన టీచర్' అంటాం, క్రియే లేదు. ఇలా క్రియ లేని చోట సేర్ వస్తుంది: 'ఎల్ ఎస్ మయెస్త్రో'. 'నాన్న ఇంట్లో ఉన్నాడు' అంటాం. ఉన్నాడు, ఉంది అనే చోట ఎస్తార్: 'పపా ఎస్తా ఎన్ కాసా'. 'చాయ్ వేడిగా ఉంది', అంటే ఇప్పుడున్న స్థితి, కాబట్టి ఎస్తార్. 'ఆమె పొడుగ్గా ఉంటుంది', అది ఎప్పటికీ అంతే, కాబట్టి సేర్. ఈ లెక్క అన్ని చోట్లా కుదరదు. 'పెళ్లి ఫంక్షన్ హాల్లో ఉంది' అన్నప్పుడు మన లెక్క ప్రకారం ఎస్తార్ రావాలి కానీ స్పానిష్‌వాళ్లు వేడుకలకు సేర్ వాడతారు. అయినా మొదటి ఏడాదికి ఈ లెక్క బాగానే గట్టెక్కిస్తుంది.

అయితే తెలుగువాళ్లకు కష్టమైనవేమీ లేవా?

ఉన్నాయి. వాటి గురించి ఇంగ్లీషు వీడియోలు పెద్దగా మాట్లాడవు.

మొదటిది, మాట చివర 'ఉ' తగిలించడం. 'సాల్' అంటే ఉప్పు, మనవాళ్లు 'సాలు' అంటారు. 'పపేల్' అంటే కాగితం, అది 'పపేలు' అయిపోతుంది. హల్లు మీద నోరు మూసేయడం నేర్పాలి.

రెండోది, ఒత్తి పలకడం, అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటి కన్నా గట్టిగా అనడం. తెలుగులో ఏ అక్షరం ఒత్తి పలికినా అర్థం మారదు. స్పానిష్‌లో మారుతుంది. 'పాపా' అని మొదటి అక్షరం ఒత్తితే లాటిన్ అమెరికాలో ఆలుగడ్డ, 'పపా' అని చివరిది ఒత్తితే నాన్న. నియమం సులువే: మాట చివర అచ్చు కానీ, న్ కానీ, స్ కానీ ఉంటే చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తాలి. లేకపోతే చివరి దాన్ని. ఈ నియమం తప్పే చోట అచ్చు మీద చిన్న గీత గీసి చూపిస్తారు. పిల్లలతో చప్పట్లు కొట్టిస్తూ, ఒత్తే చోట గట్టిగా కొట్టించండి.

మూడోది లింగం. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే తెలుగు పిల్లలు నమ్మరు. హిందీ, ఉర్దూ వచ్చిన పిల్లలు మాత్రం 'కితాబ్ అచ్ఛీ హై' అనడం విని ఉంటారు కాబట్టి తొందరగా ఒప్పుకుంటారు. సాధారణంగా చివర 'ఓ' వస్తే పుంలింగం, 'ఆ' వస్తే స్త్రీలింగం. కానీ 'మానో', అంటే చెయ్యి, స్త్రీలింగం. 'దియా', అంటే రోజు, పుంలింగం. అందుకే మాటను ఒంటరిగా నేర్పొద్దు. 'లా మానో', 'ఎల్ దియా' అని ముందున్న ముక్కతో కలిపే నోటికి రానివ్వండి. కారణం అడిగితే 'అంతే బిడ్డా' అనేయండి. అక్కడివాళ్ల దగ్గరా అంతకన్నా జవాబు లేదు.

స్పెయిన్ స్పానిష్ మంచిదా, మెక్సికోదా?

ఏదైనా ఒకటే పట్టుకోండి. నేనైతే లాటిన్ అమెరికా వైపు వీడియోలతో మొదలుపెట్టమంటాను. స్పెయిన్‌లో చాలాచోట్ల కొన్ని 'స'లను నాలుక పళ్ల మధ్య పెట్టి 'థ' లాగా పలుకుతారు, స్నేహితుల గుంపుతో మాట్లాడేటప్పుడు వాడే క్రియా రూపం కూడా వేరే ఉంది. లాటిన్ అమెరికాలో ఈ రెండు బాధలూ లేవు. మెస్సీ అభిమానులైన పిల్లలు ఇంటర్వ్యూలు వింటే అర్జెంటీనాలో 'తూ'కు బదులు 'వోస్' అంటారని పట్టుకుంటారు. ఇక్కడ నల్లగొండ మాట, గుంటూరు మాట వేరుగా ఉన్నట్టే అనుకోండి.

వేల వీడియోలున్నాయి. మంచిది ఎలా ఏరుకోవాలి?

'30 రోజుల్లో స్పానిష్' అని పేరున్న వాటిని తీసి పక్కన పెట్టండి. తర్వాత రెండు నిమిషాలు చూడండి. టీచర్ నోరు, చేతులు కనిపిస్తున్నాయా? వస్తువు చూపించి, సైగ చేసి స్పానిష్‌లోనే చెప్తున్నారా, లేక మాటమాటకూ ఇంగ్లీషు అర్థం చెప్తున్నారా? అడిగాక జవాబు కోసం ఆగుతున్నారా? ఆగని వీడియోలో పిల్లలకు పలికే చోటు ఉండదు. పాఠం పది నిమిషాల లోపు ఉండాలి, పాత మాటలు కొత్త పాఠంలో మళ్లీ రావాలి.

ఒక సిరీస్ ఎంచుకున్నాక కనీసం రెండు నెలలు మార్చకండి. ఈరోజు ఒక చానెల్, రేపు ఇంకో చానెల్ చూస్తే పిల్లలకు రంగుల పేర్లు పదిసార్లు వస్తాయి, వాక్యం ఒక్కటీ రాదు.

రోజుకు ఎంతసేపు?

బడి రోజుల్లో పావుగంట. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టడం కన్నా రోజూ పావుగంట మేలు. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా మరిచిపోతామని జర్మన్ పరిశోధకుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. కొంత ఎడం ఇచ్చి మళ్లీ తిరగేస్తే నిలుస్తుంది. అందుకని కొత్త వీడియో వారానికి రెండు చాలు. మిగతా రోజులు పాతవే. పెద్దవాళ్లకు విసుగ్గానీ, చూసిందే చూడటం పిల్లలకు సరదానే.

వీడియో ఆపేశాక ఏం చేయాలి?

అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది. వీడియోలో వచ్చిన మాటల్లో మూడు ఏరుకుని ఆ రోజంతా ఇంట్లో వాడండి. వంటిల్లు దీనికి మంచి చోటు: ఆగ్వా నీళ్లు, లేచె పాలు, అర్రోస్ బియ్యం, అన్నం రెండూ, సెబోయా ఉల్లిగడ్డ, ఆహో ఎల్లిగడ్డ. మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఒక చట్టం ఉండేది. 'ఆగ్వా, పోర్ ఫావోర్' అంటేనే చెంబు చేతికొస్తుంది. ఒకసారి వాళ్ల నాన్న కారం తిని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, చిన్నది చెంబు వెనకాల దాచుకుని 'పోర్ ఫావోర్?' అని నిలబడింది. ఆయన దగ్గుతూనే అన్నాడు. ఆ మాట ఇంట్లో ఇక ఎవరూ మరిచిపోలేదు.

మనకు ముందే పరిచయమైన మాటలు కూడా కొన్ని దొరుకుతాయి. నారింజను స్పానిష్‌లో 'నరాన్‌హా' అంటారు. మన దేశం నుంచి పర్షియా, అరేబియా మీదుగా ఆ మాట స్పెయిన్ చేరింది. బత్తాయి తోటల నల్లగొండలో దీనికి ప్రాక్టీస్ తక్కువేం కాదు. బత్తాయి కూడా నారింజ జాతిదే, దాన్నీ నరాన్‌హా అనొచ్చు. అల్మారా 'అర్మారియో', తువ్వాలు 'తొఆయా', ఉర్దూ మేజ్ 'మేసా', కమీజ్ 'కమీసా'. పిల్లలు ఇలాంటివి వెతుకుతూ ఇల్లంతా తిరుగుతారు, తిరగనివ్వండి.

కొంచెం పెద్ద పిల్లలైతే కూరగాయల సంచి ముందు పెట్టుకుని చరిత్ర కూడా చెప్పొచ్చు. టమాటా, పచ్చిమిర్చి, ఆలుగడ్డ, మక్కజొన్న, పల్లీలు, జామ, బొప్పాయి, ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అక్కడ అడుగుపెట్టిన తర్వాతే సముద్రాలు దాటి మన దాకా వచ్చాయి. పాలమూరువాళ్లు గర్వంగా చెప్పుకునే బాలానగర్ సీతాఫలం కూడా మూలంలో ఆ గడ్డదే. తొమాతె, మయీస్, గ్వయాబా, పపాయా అని స్పానిష్ పేర్లు పెట్టి చూపిస్తే ఆ దేశాలు పిల్లలకు అంత దూరంగా అనిపించవు.

మావాడు నోరు మూసుకుని చూస్తాడు, ఒక్క మాట పలకడు. దండగేనా?

కాదు. కొత్త భాష వింటున్న పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మాట్లాడకుండా ఉండటం మామూలే. ఆ సమయంలో 'చెప్పు, చెప్పు' అని వెంటపడొద్దు. చుట్టాల ముందు నిలబెట్టి 'అంకుల్‌కు స్పానిష్‌లో చెప్పు బేటా' అనడం అంతకన్నా చెడ్డది. మాట్లాడకుండా చేసే పనులు పెట్టండి: 'లా మేసా' అంటే బల్ల తాకాలి, 'రోహో' అంటే ఎర్రటిది తేవాలి. తెస్తున్నాడంటే అర్థమవుతోందన్నట్టే. నోరు దానంతటదే తెరుచుకుంటుంది, చాలాసార్లు తమ్ముణ్ని తిట్టడానికి.

నెట్ సరిగా రాదు, ఇంట్లో ఫోన్ ఒక్కటే. ఎలా?

నెట్ బాగున్నప్పుడు యాప్‌లోనే వారానికి సరిపడా వీడియోలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. టీవీకి కలిపే వీలుంటే ఫోన్ కన్నా టీవీ మంచిది. ఇంటిల్లిపాదీ చూస్తారు, పిల్లల కళ్లకూ దూరం. ఆటోప్లే ఆపేయండి, లేకపోతే స్పానిష్ పాఠం అయ్యేలోపే బొమ్మల డబ్బాలు విప్పే వీడియో వచ్చేస్తుంది. వేగం 0.75కు తగ్గిస్తే మాటలు విడివిడిగా వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్ పెడితే స్పానిష్‌వే పెట్టండి, ఇంగ్లీషువి వద్దు.

తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చా?

మీరు రాసుకోవచ్చు, ఫ్రిజ్ మీద చీటీలూ అంటించొచ్చు. మన లిపిలో స్పానిష్ పలుకు ఇంగ్లీషు లిపిలో కన్నా దగ్గరగా కూర్చుంటుంది. పిల్లలకు మాత్రం రెండు మూడు నెలల తర్వాత అసలు అక్షరాలు చూపించండి. స్పానిష్‌లో రాసింది రాసినట్టే చదవొచ్చు, గుర్తుంచుకోవాల్సినవి కొన్నే: 'హెచ్' పలకదు, జంట 'ఎల్' చాలాచోట్ల 'య' అవుతుంది, 'బి', 'వి' రెండూ ఒకేలా వినిపిస్తాయి. ప్రశ్నకు ముందు కూడా తలకిందుల ప్రశ్నార్థకం పెడతారు. అది గీయడమంటే పిల్లలకు పండగే.

నాయనమ్మ, తాతయ్య 'ఇదేం చదువు' అంటున్నారు.

వాళ్లనే విద్యార్థులను చేయండి. నాయనమ్మకు పది అంకెలు నేర్పే పని మనవరాలికి అప్పగిస్తే ఇద్దరికీ వచ్చేస్తాయి.

డబ్బులు కట్టి లైవ్ క్లాసులు పెట్టించాలా?

మొదటి ఆరు నెలలు వద్దు. పిల్లలు చిన్న చిన్న వాక్యాలు చెప్పగలిగాక, వారానికి ఒకసారి అరగంట మనిషితో మాట్లాడిస్తే బాగా పనికొస్తుంది. టైం తేడా చూసుకోండి. మనం కొలంబియా కన్నా పదిన్నర గంటలు ముందుంటాం. ఇక్కడ ఆదివారం పొద్దున ఆరున్నర అయితే దాని రాజధాని బొగోటాలో శనివారం రాత్రి ఎనిమిది. పొద్దున్నే లేచే ఇళ్లకు అది అనుకూలమే. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటే కట్టకండి. నెలనెలా కట్టే పద్ధతి అడగండి, మొదటి క్లాసులో మీరూ పక్కన కూర్చోండి. అరగంటలో టీచరే ఇరవై నిమిషాలు మాట్లాడితే ఆ క్లాసు మీకు అక్కర్లేదు.

సర్టిఫికెట్ వస్తుందా?

వీడియోలు చూస్తే వచ్చే సర్టిఫికెట్లకు పెద్ద విలువ లేదు. అందరూ గుర్తించేది 'దెలె' పరీక్ష. స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇచ్చే సర్టిఫికెట్ అది, దానికి గడువు ఉండదు. 11 నుంచి 17 ఏళ్ల స్కూలు పిల్లలకు విడిగా ఒక రకం పరీక్ష ఉంది. ఆ సంస్థ కేంద్రం న్యూఢిల్లీలో ఉంది. పరీక్షా కేంద్రాలు, తేదీలు, ఫీజు వాళ్ల వెబ్‌సైట్లోనే చూసుకోండి. మనకు దగ్గరగా స్పానిష్ డిగ్రీ స్థాయిలో చెప్పే చోటు హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా అటూఇటూగా వంద కిలోమీటర్లు. ఇంటర్ అయ్యాక కూడా పిల్లలకు ఇదే ఇష్టమైతే అప్పుడు ఆలోచించండి. పదేళ్ల పిల్లలను పరీక్షకు కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఇంట్లో మార్కులు లేని సబ్జెక్టు ఒకటైనా ఉండాలి.

పరీక్షలొచ్చాయి, తర్వాత చుట్టాల పెళ్లిళ్లు, రెండు నెలలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచా?

అక్కర్లేదు. ఆగిన చోటికి నాలుగైదు పాఠాలు వెనక్కి వెళ్లి, వేగం మామూలుగానే పెట్టి వరసగా చూడండి. పిల్లలే ముందుగా జవాబులు అరుస్తుంటే ఆ పాఠం దాటేయండి, తడబడిన చోట ఆగండి. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నాలు ఎటూ బయటికి పంపలేం, అప్పుడు రోజుకు రెండు పాఠాలు చేసుకోవచ్చు.